బొగ్గు ఊరి నుంచి వచ్చిన కోచ్

టస్కలూసాలో నేను పనిలో చేరిన మొదటి సోమవారం, కార్ల సీట్లు తయారుచేసే కర్మాగారంలో షిఫ్టుకు ముందు జరిగే అయిదు నిమిషాల సమావేశంలో, లైన్ సూపర్‌వైజర్ అంతకుముందు వారం లోపాలతో వెనక్కి వచ్చిన సీట్ల లెక్క చదివి, చివరన ఒక మాట అన్నాడు: "స్కోరుబోర్డు చూడకండి. మీ చేతిలో ఉన్న సీటు చూడండి." అది ఆ కంపెనీ వాళ్ళు పెట్టుకున్న నినాదం కాబోలు అనుకున్నాను. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో అప్పట్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును నడిపే నిక్ సేబన్ అనే కోచ్ బోధ అదని, ఊళ్ళో బడిపంతుళ్ళు, నర్సులు, చర్చి పాస్టర్లు కూడా దాన్ని తమ తమ పనులకు అన్వయించుకుంటారని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఆయన ఎక్కడి నుంచి, ఎన్ని ఊళ్ళు దాటి అక్కడికి చేరాడో తెలుసుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. పరాయి దేశంలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న మనిషిగా, ఆ జీవితంలో నన్ను కట్టిపడేసినవి ఆయన గెలిచిన ఏడు జాతీయ టైటిళ్ళు కావు. ఒక జట్టు తన చేతికి రాకముందు, ఊరూరా తిరుగుతూ ఇతరుల కింద ఆయన పనిచేసిన పదిహేడేళ్ళు.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. బాయిలో బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి ఆసరా కల్పించడం టింబర్‌మన్ పని. ఆసరా పెట్టే ముందు ఇనుప చువ్వతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా మోగితే రాయి పట్టుమీద ఉన్నట్టు, డొల్లగా మోగితే వదులైనట్టు. దిగిన ప్రతిరోజూ, వేసే ప్రతి అడుగుకూ ఆ చప్పుడు వినవలసిందే. నిన్న గట్టిగా ఉందన్న నమ్మకం ఇవాళ పనికిరాదు. ఆ కూలి డబ్బుతో చదువుకున్న నేను 2006లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోకు ఎం.ఎస్. చేయడానికి వచ్చాను. 2008లో మిషిగన్‌లో ఒక విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా చేరాను. 2009 మార్చిలో ఆ ఉద్యోగం పోయింది. కార్ల పరిశ్రమ మొత్తం కుప్పకూలుతున్న రోజులవి. క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ ఆ ఏడాదే దివాలా కోర్టుకు వెళ్ళాయి. చదువు పూర్తయ్యాక వచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నవాడు మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదన్నది నిబంధన. వాటిలో 74 రోజులు గడిచాక టస్కలూసా నుంచి పిలుపు వచ్చింది. ఉన్న సామాను కారులో సర్దుకుని, రెండు రోజులు దక్షిణంగా ప్రయాణం చేసి, జూన్ ఎండలో ఆ ఊళ్ళో దిగాను.

బ్లాక్ వారియర్ నది ఒడ్డున ఉన్న టస్కలూసా పెద్ద నగరమేమీ కాదు. ఊరికి తూర్పున వాన్స్ అనే చోట 1997లో మెర్సిడెస్ కార్ల కర్మాగారం మొదలైంది. దాని చుట్టూ మా కంపెనీ వంటివి చాలా వెలిశాయి. ఊరి నడుమ అలబామా విశ్వవిద్యాలయం, దాని నడుమ బ్రయంట్-డెనీ స్టేడియం ఉన్నాయి. 2010లో విస్తరించాక అందులో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. అప్పటి ఊరి జనాభా అంతకంటే ఎక్కువేమీ కాదు. ఆ పేరులోని బ్రయంట్, 1958 నుంచి 1982 వరకు అక్కడ కోచ్‌గా ఉండి ఆరు జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టిన పాల్ బ్రయంట్. ఆఖరి ఆట ఆడించిన నాలుగు వారాలకే, 1983 జనవరి 26న ఆయన చనిపోయాడు. తర్వాత పాతికేళ్ళపాటు ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివారినీ ఊరు ఆయనతోనే పోల్చి చూసింది.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం వివరించాలి. పదకొండు మంది చొప్పున రెండు జట్లు 100 గజాల మైదానంలో తలపడతాయి. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్ళగలిగితే మళ్ళీ నాలుగు అవకాశాలు వస్తాయి. ఆ ఒక్కో అవకాశంలో వేసే ఎత్తు కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. దాని తర్వాత అందరూ ఆగి, మళ్ళీ వరుసలు కట్టి, తర్వాతి ఎత్తుకు సిద్ధమవుతారు. మన క్రికెట్‌లో మైదానంలోకి దిగాక పెత్తనం కెప్టెన్‌ది; కోచ్ పెవిలియన్‌లో కూర్చుని చూస్తాడు. ఇక్కడ అలా కాదు. ప్రతి ఎత్తుకూ ఏ పదకొండు మంది దిగాలో, ఎవరు ఎటు పరుగెత్తాలో, ఎవరు ఎవరిని ఆపాలో మైదానం అంచు గీత దగ్గర నిలబడ్డ కోచ్‌లే నిర్ణయిస్తారు. వారంలో ఆరు రోజులు ఆ నిర్ణయాలకు సన్నాహమే. ఒక విశ్వవిద్యాలయం 85 మందికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇచ్చేది; ఆ పిల్లలను హైస్కూళ్ళకూ వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళి, తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చుకోవడం కూడా కోచ్ ఉద్యోగంలో భాగమే. ఆ పనిలో ఉన్నవాళ్ళకు శనివారం మూడున్నర గంటల ఆట కంటే మిగిలిన రోజులే బరువు.

సేబన్ పుట్టింది 1951 అక్టోబర్ 31న, వెస్ట్ వర్జీనియా బొగ్గు ప్రాంతంలోని ఫెయిర్‌మాంట్‌లో. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున నాకు గోదావరిఖని కళ్ళముందు కదిలింది. ఆయన చదివిన హైస్కూలు ఉన్న మనాంగా అనే చిన్న ఊళ్ళో 1907 డిసెంబర్ 6న జరిగిన పేలుడులో, అధికారిక లెక్క ప్రకారమే 362 మంది గని కార్మికులు చనిపోయారు. అమెరికా గనుల చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ఆయన హైస్కూల్లో ఉండగా, 1968 నవంబర్ 20న, ఆ చుట్టుపక్కలే ఉన్న ఫార్మింగ్‌టన్ గనిలో మరో పేలుడు జరిగి 78 మంది పోయారు. వారిలో 19 మంది దేహాలు ఇప్పటికీ ఆ మట్టిలోనే ఉన్నాయి. మరుసటి ఏడాది వచ్చిన గనుల భద్రతా చట్టానికి ఆ మరణాలే కారణం. బాయి సైరన్ వేళకాని వేళ మోగితే ఊళ్ళో ఆడవాళ్ళ ముఖాలు ఎలా మారిపోతాయో చూసి పెరిగినవాడిని కనుక, ఆ ఊళ్ళో ఆ నవంబర్ ఉదయం ఎలా తెల్లవారి ఉంటుందో నాకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆయన తండ్రి గనిలో దిగలేదు. పెట్రోలు బంకు నడిపేవాడు. పనయ్యాక చుట్టుపక్కల గని కార్మికుల పిల్లలను పాత స్కూలు బస్సులో పోగుచేసుకొచ్చి ఫుట్‌బాల్ నేర్పేవాడు. కొడుకు పదకొండేళ్ళ వయసు నుంచే బంకులో పెట్రోలు కొట్టడం, అద్దాలు తుడవడం, కార్లు కడగడం చేశాడు. కడిగిన కారు మీద ఒక్క చార కనిపించినా తండ్రి మొత్తం కారును మళ్ళీ మొదటి నుంచి కడిగించేవాడట. ముదురు నీలం, నలుపు రంగు కార్లంటే తనకు అప్పట్లో పడేది కాదని, వాటి మీద చారలు దాగవని సేబన్ చాలాసార్లు చెప్పుకున్నాడు. బడిలో అందరి ముందూ నిలబడి పాడటానికి సిగ్గుపడి, సంగీతంలో చెడ్డ మార్కు తెచ్చుకున్నప్పుడు, తండ్రి ఆయనను గనిలోకి తీసుకువెళ్ళి చూపించి, చదువు వదిలేస్తే మిగిలే బతుకు ఇదేనని చెప్పాడు. మా బాపు నన్ను ఎన్నడూ బాయిలోకి తీసుకువెళ్ళలేదు. పదో తరగతి లెక్కల పరీక్షలో నేను తప్పినప్పుడు, ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేయకుండా, ఆ నల్లటి ఒంటితోనే నా ఎదురుగా కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా అన్నం తిన్నాడు. ఇద్దరు తండ్రులూ చెప్పింది ఒక్కటే.

కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆటగాడిగా ఉండి చదువు ముగించాక, కోచ్ కావాలన్న ఆలోచన సేబన్‌కు లేదు. 1971లోనే పెళ్ళయింది. భార్య టెర్రీకి డిగ్రీ పూర్తికావడానికి ఇంకో ఏడాది ఉంది. ఆమె చదువు అయ్యేదాకా ఆ ఊళ్ళోనే ఉండవలసి వచ్చింది కనుక, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉండమని కోచ్ డాన్ జేమ్స్ అడిగితే సరేనన్నాడు. ఆ వృత్తిలో అది అట్టడుగు మెట్టు. 1973లో ఆ పనిలో చేరిన కొద్దికాలానికే, 46 ఏళ్ళ వయసులో తండ్రి గుండెపోటుతో పోయాడు.

అక్కడి నుంచి ఆయన దారిని మ్యాపు మీద గీస్తే మన ఐటీ కన్సల్టెంట్ ఎవరిదో రెజ్యూమే చదువుతున్నట్టు ఉంటుంది. 1976 దాకా కెంట్ స్టేట్, 1977లో సిరక్యూస్, తర్వాత రెండేళ్ళు వెస్ట్ వర్జీనియా, 1980, 81ల్లో ఒహాయో స్టేట్. అక్కడ 1981 సీజన్ ముగిశాక హెడ్ కోచ్ తన కింది వాళ్ళను తొలగించినప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది. 1982లో నేవీ అకాడమీ, తర్వాత అయిదేళ్ళు మిషిగన్ స్టేట్, రెండేళ్ళు హ్యూస్టన్‌లో వృత్తి జట్టు ఆయిలర్స్. ఏడు జట్లు, పదిహేడేళ్ళు. ఎక్కడా హెడ్ కోచ్ కాదు. ఎక్కువచోట్ల ఒకటే పని, ప్రత్యర్థి విసిరే బంతులను ఆపే వెనుక వరుస ఆటగాళ్ళకు శిక్షణ. ఈ వృత్తిలో హెడ్ కోచ్‌ను తీసేస్తే అసిస్టెంట్లందరూ సాధారణంగా అదే వారంలో రోడ్డున పడతారు; కొత్తగా వచ్చేవాడు తన మనుషులను తెచ్చుకుంటాడు. ఓడింది ఎవరి తప్పు వల్ల అన్నదానితో నిమిత్తం లేదు. ఆ డిసెంబర్లలో పిల్లలను బడి మధ్యలో మాన్పించి, ఇల్లు ఖాళీ చేసి, మరో రాష్ట్రానికి బయలుదేరే అసిస్టెంట్ కోచ్‌ల కుటుంబాలు దేశమంతటా ఉంటాయి. ప్రాజెక్టు ముగిసిందని శుక్రవారం సాయంత్రం చెప్పించుకున్న మన వాళ్ళ కుటుంబాలు నాకు గుర్తొచ్చేవి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఇచ్చే నిబంధన 2017లో గానీ రాలేదు. అంతకుముందు ఆ పాటి వ్యవధి కూడా కాగితం మీద ఉండేది కాదు. అయితే ఒక తేడాను దాచకూడదు. కోచ్‌కు దేశం విడిచి వెళ్ళే భయం లేదు, వాళ్ళ బతుకూ మన బతుకూ ఒకటేనని నేను అనడం లేదు. ఇంకొకరి గెలుపోటముల మీద ఆధారపడి మన ఇంటి చిరునామా మారడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు, అంతే.

ఈ లెక్కలో అందరూ వదిలేసే మనిషి భార్య. అలబామాలో టెర్రీ సేబన్‌ను "మిస్ టెర్రీ" అని ప్రేమగా పిలుస్తారు. ఆమెకు ఆ పేరు రావడానికి ముందు ఎన్ని అద్దె ఇళ్ళ తాళాలు తిరిగి ఇచ్చి ఉంటుందో, ఎన్ని వంటగదుల్లో డబ్బాలు మళ్ళీ మళ్ళీ సర్ది ఉంటుందో ఎవరూ లెక్కపెట్టలేదు. 2012లో నాకు పెళ్ళయింది. కరీంనగర్‌లో డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పిన నా భార్య, హెచ్-4 వీసా మీద టస్కలూసాకు వచ్చి మూడేళ్ళు ఇంట్లో కూర్చుంది. 2015 మే నెలలో హెచ్-4 వాళ్ళలో కొందరికి పనిచేసే అనుమతి ఇస్తూ నిబంధన వచ్చాక, ఒక హైస్కూల్లో ప్రత్యామ్నాయ ఉపాధ్యాయురాలిగా చేరింది. నా ఉద్యోగ జీవితం గురించి ఎవరైనా అడిగినప్పుడు, కంపెనీలు, ప్రమోషన్లు చెబుతానే గానీ, ఆమె పోగొట్టుకున్న మూడేళ్ళను అందులో కలిపి చెప్పే అలవాటు నాకు చాలాకాలం లేదు. ఇప్పుడు కలిపే చెబుతున్నాను.

1990లో ఆయనకు మొదటిసారి హెడ్ కోచ్ ఉద్యోగం ఇచ్చింది టొలీడో. నేను చదువుకున్న ఊరే, నేను అక్కడికి వెళ్ళడానికి పదహారేళ్ళ ముందు. తొమ్మిది గెలిచి రెండు ఓడి, ఒక్క ఏడాదికే వెళ్ళిపోయాడు. పిలిచింది క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే వృత్తి జట్టు. అక్కడ హెడ్ కోచ్ బిల్ బెలిచిక్. హెడ్ కోచ్ స్థానం వదులుకుని మళ్ళీ ఇంకొకరి కింద పనిచేయడానికి వెళ్ళడం నాకు మొదట అర్థం కాలేదు. 1994లో ఆయన తీర్చిదిద్దిన రక్షణ వరుస, లీగు మొత్తంలోనే అతి తక్కువగా 204 పాయింట్లు మాత్రమే ఇచ్చింది. పదవి తగ్గినా పని నేర్చుకోవచ్చునని తెలిసిన మనిషి అక్కడ కనిపిస్తాడు. 1995లో మిషిగన్ స్టేట్‌కు హెడ్ కోచ్‌గా తిరిగి వచ్చాడు.

ఆయన పనితీరు మలుపు తిరిగింది అక్కడే, 1998 నవంబర్లో. దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్‌తో, వాళ్ళ ఊళ్ళోనే ఆట. గెలుస్తామన్న ఆశ ఎవరికీ లేదు. మిషిగన్ స్టేట్‌లోనే మనోవైద్యం బోధించే లయొనెల్ రోజెన్ సలహా తీసుకుని, సేబన్ తన ఆటగాళ్ళకు గెలుపు గురించి చెప్పడమే మానేశాడు. ఒక ఎత్తు ఏడు క్షణాల్లో ముగుస్తుంది; ఆ ఏడు క్షణాలే మీవి; అయిపోయాక దాన్ని మరిచి తర్వాతి దాన్ని చూడండి, అన్నాడు. ఆ రోజు వెనుకబడి ఉన్న మిషిగన్ స్టేట్ 28-24తో గెలిచింది. తర్వాత దీనికే "ప్రాసెస్" అన్న పేరు వచ్చింది, దాని మీద పుస్తకాలు వచ్చాయి, వ్యాపార సంస్థలు ఉపన్యాసాలు పెట్టించాయి. నాకు మాత్రం అది ఇనుప చువ్వతో కప్పును తట్టి వినే పద్ధతిగానే అర్థమైంది. టింబర్‌మన్ షిఫ్టు ముగిసేసరికి ఎన్ని టన్నుల బొగ్గు పైకి వస్తుందో లెక్క వేసుకుంటూ పనిచేయడు. తన తలపైన ఉన్న రాయిని వింటాడు. మా లైన్‌లో నేను ఆ పద్ధతిని నిజంగానే అమలు చేశాను. నెలాఖరు రిజెక్టుల శాతాన్ని షిఫ్టు సమావేశాల్లో చదవడం మాన్పించి, ఒక్కో కుట్టు దగ్గర ఉన్న మనిషికి ఆ కుట్టులో చూడవలసిన మూడు గుర్తులు మాత్రమే చెప్పడం మొదలుపెట్టాం. పనిచేసేవాళ్ళ భుజాల మీద బరువు తగ్గడం నేను కళ్ళారా చూశాను.

2000లో ఆయన లూసియానా స్టేట్‌కు వెళ్ళి 2003 సీజన్‌లో మొదటి జాతీయ టైటిల్ గెలిచాడు. 2005లో మయామీ డాల్ఫిన్స్ అనే వృత్తి జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. అక్కడ రెండేళ్ళలో 15 గెలిచి 17 ఓడాడు. భుజానికి శస్త్రచికిత్స అయిన డ్రూ బ్రీస్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరే ప్రధాన ఆటగాడిని, డాక్టర్ల అనుమానాల వల్ల జట్టు వదులుకుని మరొకరిని తెచ్చుకుంది. బ్రీస్ న్యూ ఓర్లీన్స్‌కు వెళ్ళి, ఆ నగరానికి వృత్తి జట్ల ఛాంపియన్‌షిప్ ఆట అయిన సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. మయామీలో ఉండగానే, 2006 డిసెంబర్ 21న, తాను అలబామా కోచ్‌గా వెళ్ళడం లేదని విలేకరుల ముందు తెగేసి చెప్పిన సేబన్, రెండు వారాలు తిరగకుండానే, ఎనిమిదేళ్ళకు 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం మీద అలబామాకు వచ్చేశాడు. అలబామాలో ఈ విషయం ఎత్తితే నవ్వి ఊరుకుంటారు. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఆ మాట తప్పడం తప్పేనని నా అభిప్రాయం. వెళ్ళాలనుకునే మనిషికి మౌనంగా ఉండే దారి ఎప్పుడూ ఉంటుంది.

మొదటి ఏడాది సాఫీగా సాగలేదు. ఎవరూ లెక్కలోకి తీసుకోని లూసియానా-మన్రో చేతిలో సొంత మైదానంలో 21-14తో ఓడారు. ఆ శనివారం ఊళ్ళో ఎలా గడిచిందో మా సూపర్‌వైజర్ రెండేళ్ళ తర్వాత కూడా గొంతు తగ్గించి చెప్పేవాడు. నేను వచ్చిన 2009లో పద్నాలుగు ఆటలూ గెలిచి, జనవరిలో పాసడీనాలో టెక్సస్‌ను 37-21తో ఓడించి టైటిల్ తెచ్చారు. తర్వాత 2011, 2012, 2015, 2017, 2020. బ్రయంట్ ఆరు టైటిళ్ళను సేబన్ మొత్తం ఏడుతో దాటాడు. అయినా జట్టు శిక్షణ చూడటానికి అనుమతి దొరికినవాళ్ళు చెప్పేది ఒకటే: ఎండాకాలంలో గడ్డి టోపీ పెట్టుకుని, అన్ని లక్షల డాలర్ల జీతగాడు, 1970ల్లో తాను మొదలుపెట్టిన వెనుక వరుస ఆటగాళ్ళ దగ్గరికే వెళ్ళి, వాళ్ళ కాలి అడుగు ఏ కోణంలో పడాలో తానే చూపించేవాడని.

టస్కలూసా ఆయనను తనవాడిగా ఒప్పుకున్నది టైటిళ్ళ వల్ల మాత్రమే కాదు. 2011 ఏప్రిల్ 27న టోర్నడో ఊరిని నిలువునా చీల్చుకుంటూ పోయింది. అక్కడి నుంచి బర్మింగ్‌హామ్ దాకా దాని దారిలో 64 మంది చనిపోయారు. ఆ సాయంత్రం నేను కర్మాగారం లోపలి గదిలో మిగతావాళ్ళతో కలిసి నేల మీద కూర్చున్నాను. బయటికి వచ్చి చూస్తే నేను రోజూ కూరగాయలు కొనే వీధి లేదు. తర్వాతి రోజుల్లో సేబన్, ఆటగాళ్ళు శిబిరాలకు వచ్చారు. ఆయన కుటుంబం నడిపే స్వచ్ఛంద సంస్థ, హాబిటాట్ ఫర్ హ్యుమానిటీతో కలిసి కొత్త ఇళ్ళు కట్టించింది. ఆ ఇళ్ళలో ఒకదానికి మా కర్మాగారం నుంచి వెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను. గోడలకు బోర్డులు కొట్టే పని రెండు శనివారాలు చేశాను. అప్పటిదాకా నేను ఆ ఊళ్ళో పనిచేసేవాడిని మాత్రమే. ఆ రెండు శనివారాల తర్వాత పక్కింటివాళ్ళు నన్ను పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు.

ఆటల్లో నేను మరిచిపోలేనిది 2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియాతో జరిగినది. సగం ఆట అయ్యేసరికి అలబామా 13-0తో వెనుకబడింది. రెండేళ్ళుగా జట్టును గెలిపిస్తూ వచ్చిన జేలెన్ హర్ట్స్‌ను కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రవాడు టువా టాంగోవైలోవాను సేబన్ దింపాడు. అదనపు సమయంలో ఆ కుర్రవాడు విసిరిన 41 గజాల బంతితో 26-23 గెలుపు వచ్చింది. అందరూ ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నేను చూస్తూ ఉండిపోయింది హర్ట్స్‌ను. పక్కన పెట్టబడిన ఆ పిల్లవాడు గీత దగ్గర నిలబడి తన స్థానంలో దిగినవాడికి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. జట్టు విడిచి వెళ్ళే వీలున్నా మరో ఏడాది ఉన్నాడు. అదే ఏడాది డిసెంబర్లో అదే జార్జియా మీద, గాయపడిన టువా స్థానంలో దిగి, 35-28తో జట్టును గెలిపించాడు. 2025లో సూపర్ బౌల్ గెలిచి, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడయ్యాడు. ప్రమోషన్ చేయి జారిన ఏడాది ఆఫీసుకు ఎలా వెళ్ళాలో నాకు నేర్పింది మేనేజ్‌మెంట్ శిక్షణ కాదు, పందొమ్మిదేళ్ళ ఆ కుర్రవాడు.

2013 శరత్కాలంలో మా బాపు, అమ్మ వచ్చారు. నాతో పనిచేసే ఆయన ఒకరు రెండు టికెట్లు ఇస్తే నవంబర్ 23న బాపును స్టేడియానికి తీసుకువెళ్ళాను. ప్రత్యర్థి చట్టనూగా, అలబామా 49-0తో గెలిచింది. బాపు స్కోరు పట్టించుకోలేదు. అంతమంది జనం, అంత మోత మధ్య, గీత వెంబడి చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్న పొట్టి మనిషినే చూస్తూ, "గెలుస్తనే ఉన్నరు గద, గాయన గట్ల కోపం జేస్తున్నడేంది బిడ్డా?" అని అడిగాడు. అడుగు ఎక్కడో తప్పు పడి ఉంటుందని చెప్పాను. ఇంటికి వచ్చాక, ఆయన ఊరి సంగతి, ఫార్మింగ్‌టన్ సంగతి చెబితే, బాపు చాలాసేపు ఆ గని గురించే అడిగాడు. ఎంత లోతు, గాలి ఎట్లా పంపేవారు, దేహాలు ఎందుకు తీయలేకపోయారు. నాకు తెలిసినంత చెప్పాను. మరుసటి శనివారం ఆబర్న్‌తో ఆట టీవీలో చూశాం. సమానంగా ఉన్న ఆటలో గడియారం మీద ఒక్క క్షణం మిగిలి ఉండాలని సేబన్ పట్టుబట్టి దాన్ని తిరిగి పెట్టించాడు. ఆ క్షణంలో అలబామా ఆటగాడు గోలు వైపు తన్నిన బంతి గోలుదాకా చేరలేదు; ఆబర్న్ కుర్రవాడు దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాడు. 34-28తో ఓటమి. మా వీధంతా నిశ్శబ్దమైపోయింది.

2024 జనవరి 10న ఆయన రిటైరయ్యాడు. 72 ఏళ్ళు. అలబామాలో 201 గెలుపులు, 29 ఓటములు. అంతకుముందు రెండున్నరేళ్ళలో ఆ ఆట కట్టుబాట్లే మారిపోయాయి. 2021 జూలై నుంచి విద్యార్థి ఆటగాళ్ళు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఒక జట్టు నుంచి మరో జట్టుకు ఏడాది ఆగకుండా మారిపోవచ్చు. తాను 50 ఏళ్ళుగా నమ్మినవేవీ కళాశాల క్రీడల్లో మిగల్లేదని ఆయన మార్చిలో వాషింగ్టన్‌లో సెనేటర్ల ముందు చెప్పాడు. మనం ఇంకా ఇది ఎందుకు చేస్తున్నామని టెర్రీ అడిగిందని కూడా చెప్పాడు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షాన లేను. లక్షమంది టికెట్ కొని చూసే ఆటలో దెబ్బలు తినే పిల్లలకు కూలి దక్కడం న్యాయమే. సంఘం పెట్టి పోరాడితే గానీ జీతం పెరగని ఊళ్ళో పుట్టినవాడిని, ఇంకోలా అనలేను. అయినా ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కుర్రవాడిని నాలుగేళ్ళు దగ్గర పెట్టుకుని మనిషిని చేయడం ఆయనకు తెలిసిన పని. ఆ నాలుగేళ్ళే ఇప్పుడు దొరకడం లేదు.

సేబన్ రిటైరైన రాత్రి బాపుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మరి పొద్దుగాల లేచి ఏం జేస్తడు బిడ్డా ఇగ?" అని అడిగాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. మరుసటి నెలలో, సేబన్ ఈఎస్‌పీఎన్ టీవీలో ఆటల విశ్లేషకుడిగా చేరుతున్నాడని తెలిశాక మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. బాపు సంతోషించాడు. తాను రిటైరయ్యాక ఆరునెలల పాటు ఫస్ట్ షిఫ్టు సైరన్‌కు ముందే లేచి, చీకట్లో బాయి గేటు దాకా నడిచి తిరిగి వచ్చేవాడినని, అమ్మకు మాత్రం పాలకు వెళ్ళానని చెప్పేవాడినని అప్పుడు నాకు మొదటిసారి చెప్పాడు.